గంజాయి కార్డు, స్కిజోఫ్రీనియా మాత్ర: రెండూ ఒకే జేబులో ఉంటే

క్లుప్తంగా: అమెరికాలో చాలా రాష్ట్రాలు గంజాయిని వైద్యం పేరుతో కొనుక్కోనిస్తున్నాయి. ఆ అనుమతి ఇచ్చింది చట్టం. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి తీవ్ర మానసిక వ్యాధులకు అది పనిచేస్తుందని వైద్య పరిశోధన తేల్చలేదు. పైగా గంజాయిలో మత్తునిచ్చే పదార్థం ఈ జబ్బులను తిరగబెట్టిస్తుందనడానికి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. అయినా కొందరికి దానివల్ల ఉపశమనం దొరికినట్టు ఎందుకనిపిస్తుంది, వాడుతున్న మందుల మీద దాని ప్రభావం ఏమిటి, భారతదేశంలో పరిస్థితి ఏమిటి అన్నవి ఈ వ్యాసంలో చూడవచ్చు.

కార్డు ఎలా వస్తుంది

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో 2018 నుంచి ఆంగ్జైటీ (అదుపులేని ఆందోళన) ఉన్నా, గంజాయి కొనుక్కోవడానికి అనుమతినిచ్చే కార్డు ఇస్తున్నారు. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా 2019లో అదే బాట పట్టింది. న్యూమెక్సికో 2009లోనే పీటీఎస్‌డీని జాబితాలో చేర్చింది. యుద్ధం, అత్యాచారం, ఘోర ప్రమాదం లాంటివి జరిగాక ఏళ్ల తరబడి మనసును వదలని భయాన్ని పీటీఎస్‌డీ అంటారు. ఓక్లహామా ప్రజలు 2018లో ఓటేసి తెచ్చుకున్న చట్టంలోనైతే జబ్బుల జాబితాయే లేదు. డాక్టరు సంతకం పెడితే చాలు.

ఈ జాబితాలు ఎలా పుట్టాయో తెలిస్తే సగం గందరగోళం తీరిపోతుంది. మామూలుగా ఒక మందు మార్కెట్లోకి రావాలంటే కంపెనీ ముందుగా రోగుల మీద ప్రయోగాలు చేయాలి. ఫలానా జబ్బుకు, ఫలానా డోసులో, ఫలానా దుష్ప్రభావాలతో పనిచేస్తుందని ఔషధ నియంత్రణ సంస్థను ఒప్పించాలి. గంజాయి ఈ దారిలో రాలేదు. 1996లో కాలిఫోర్నియా ప్రజలు 215వ ప్రతిపాదనకు ఓటేసి అమెరికాలో మొదటి వైద్య గంజాయి చట్టం తెచ్చారు. ఎయిడ్స్‌తో తిండి సహించక ఎముకల గూళ్లయిపోతున్న మనుషుల మీద జాలి ఆ ఓటు వెనుక ఉంది. వాంతులు తగ్గుతున్నాయి, ఆకలి పుడుతోంది, నొప్పి కాస్త ఓర్చుకోగలుగుతున్నారు. ఆ జాలిలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ తర్వాత శాసనసభల్లో, పిటిషన్లతో, బ్యాలెట్ పెట్టెల్లో ఒక్కో జబ్బు పేరూ చేరుతూ పోయింది. నొప్పికి పనికొచ్చింది కాబట్టి దిగులుకూ పనికొస్తుందనుకోవడం, వాంతులను ఆపింది కాబట్టి భయాన్నీ ఆపుతుందనుకోవడం అలా అలవాటైపోయాయి.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం 1970 నాటి చట్టంలో గంజాయిని అత్యంత కఠినమైన మొదటి షెడ్యూలులో పెట్టింది. దాన్ని మూడో షెడ్యూలుకు మార్చాలన్న ప్రతిపాదన 2024లో వెలువడింది. మొదటి షెడ్యూలులో ఉన్న పదార్థానికి డాక్టరు మందుల చీటీ రాయకూడదు. 2002లో ఒక ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, గంజాయి వాడమని రోగికి సలహా ఇవ్వడం డాక్టరు వాక్‌ స్వాతంత్య్రం కిందికి వస్తుందని తీర్పు చెప్పింది. దాంతో మధ్యే మార్గంగా ‘సిఫారసు’ అన్న పద్ధతి స్థిరపడింది.

చీటీకీ సిఫారసుకూ మధ్య తేడా చిన్నది కాదు. చీటీలో మందు పేరు, మోతాదు, పూటకు ఎన్ని, ఎన్ని రోజులు అన్నీ ఉంటాయి. సిఫారసులో చాలాచోట్ల అవేవీ ఉండవు. ఈ మనిషికి ఈ జబ్బు ఉంది, గంజాయి కొనుక్కోవచ్చు అన్న మాటే ఉంటుంది. ఏ రకం, ఎంత అన్నది చాలాసార్లు దుకాణం కౌంటరు వెనుక నిలబడ్డ ఉద్యోగి చెబుతాడు. స్కిజోఫ్రీనియాకు మందులిచ్చే సైకియాట్రిస్టు ఒకరు, కార్డు మీద సంతకం పెట్టిన డాక్టరు మరొకరు అయితే, ఒకరు ఇచ్చింది రెండోవారికి తెలియకపోవచ్చు. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు అసలు ప్రమాదం ఈ సందులోనే పొంచి ఉంది.

పరీక్షలు నెగ్గి మందులుగా గుర్తింపు పొందిన గంజాయి సంబంధిత పదార్థాలు లేకపోలేదు. కీమోథెరపీ వాంతులకు వాడే డ్రోనబినాల్, నబిలోన్ అనే మాత్రలను అమెరికా ఔషధ సంస్థ 1985లో ఆమోదించింది. పిల్లల్లో వచ్చే రెండు అరుదైన, మొండి మూర్ఛ వ్యాధులకు ఎపిడయోలెక్స్ అనే ద్రవాన్ని 2018లో ఆమోదించింది. వీటిలో ప్రతి మిల్లీగ్రాముకూ లెక్క ఉంది. మానసిక వ్యాధికి మాత్రం ఇలా ఆమోదం పొందినది ఒక్కటీ లేదు.

ఆనందం పేరు పెట్టుకున్న రసాయనం

గంజాయి మొక్కలో వందకు పైగా ప్రత్యేక రసాయనాలున్నా, మనసుకు సంబంధించినంతవరకు ముఖ్యమైనవి రెండు. ఒకటి టీహెచ్‌సీ. మత్తు, గాలిలో తేలిపోతున్నట్టు ఉండడం, నవ్వు, ఆకలి, ఒక్కోసారి గుండెదడ, అనుమానం, అన్నీ దీనివే. రెండోది సీబీడీ. దీనికి మత్తు లేదు.

ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గవోనీ 1964లో టీహెచ్‌సీని విడదీసి దాని రూపం తేల్చారు. మెదడులో అది వెళ్లి అతుక్కునే గ్రాహకాన్ని 1988లో కనిపెట్టారు. దానికి సీబీ1 అని పేరు. మొక్క రసాయనానికి మెదడులో తాళం కప్ప ఎందుకుంది అన్న ప్రశ్నకు 1992లో జవాబు దొరికింది. ఆ కప్పకు సరిపోయే తాళంచెవిని మన శరీరమే తయారుచేసుకుంటోంది. ఆ రసాయనానికి సంస్కృతంలోని ‘ఆనంద’ శబ్దం తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు.

ఆనందమైడ్ పని ఒక బ్రేకు లాంటిది. ఒక నాడీకణం నుంచి మరోదానికి సంకేతాలు మరీ ఉధృతంగా పోతుంటే, అందుకునే కణమే దాన్ని వెనక్కి పంపి ‘కాస్త తగ్గు’ అని చెబుతుంది. అవసరమైన చోట, అవసరమైనంతే పుట్టి, క్షణాల్లో కరిగిపోతుంది. టీహెచ్‌సీ అలా కాదు. సీబీ1 ఉన్న ప్రతిచోటికీ ఒకేసారి వెళ్తుంది, గంటల తరబడి ఉండిపోతుంది. జ్ఞాపకాన్ని, కాలస్పృహను, ఏది ముఖ్యం ఏది కాదు అన్న విచక్షణను చూసుకునే భాగాల్లో ఈ గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి. ఊపిరిని నడిపే మెదడు కాండంలో మాత్రం తక్కువ. అందుకే నల్లమందు, హెరాయిన్ లాంటివి ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుంది కానీ గంజాయితో అలా జరగదు. ‘గంజాయితో ఎవరూ చావరు’ అనే మాట ఇక్కడి నుంచే వచ్చింది. ఊపిరి విషయంలో నిజమైన ఆ మాటను మనసుకు కూడా వర్తింపజేయడం దగ్గరే తప్పు జరుగుతోంది.

స్కిజోఫ్రీనియాలో ప్రధానంగా కనిపించే స్థితిని సైకోసిస్ అంటారు. అందులో ఏం జరుగుతుందంటే, మామూలు విషయాలకు లేని అర్థాలు పుట్టుకొస్తాయి. ఎదురింటి కిటికీ మూసుకుంటే తన గురించే అనిపిస్తుంది. టీవీలో చదివే వార్త తనకోసమే అనిపిస్తుంది. దీని వెనుక, మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనపు వ్యవస్థ అదుపు తప్పడం ఒక ప్రధాన కారణమని చాలాకాలంగా అనుకుంటున్నారు. స్కిజోఫ్రీనియా మందులన్నీ దాదాపుగా ఆ డోపమైన్‌ను అణచేవే. టీహెచ్‌సీ ఆ వ్యవస్థను రెండో వైపు నుంచి కదిలిస్తుంది. 2004లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులకు, ముందుగా ఒప్పించి, నరంలోకి టీహెచ్‌సీ ఎక్కించారు. వాళ్లలో కూడా కొద్దిసేపు అనుమానాలు, వింత అనుభవాలు, ఆలోచనలు చెదిరిపోవడం కనిపించాయి. మరుసటి ఏడాది స్కిజోఫ్రీనియా ఉండి మందులు వాడుతున్న వాళ్లలో అదే పరీక్ష చేస్తే, వాళ్ల మెదడు టీహెచ్‌సీకి మరింత సున్నితంగా ఉందని తేలింది. వాళ్లు వేసుకుంటున్న మందులు ఆ దెబ్బ నుంచి పూర్తిగా కాపాడలేకపోయాయి.

ఇంకో ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. ఊబకాయానికి రిమోనబంట్ అనే మందు 2006లో ఐరోపాలో వచ్చింది. అది సీబీ1ను మూసేసే మందు, అంటే గంజాయికి సరిగ్గా వ్యతిరేకం. బరువు తగ్గింది కానీ వాడినవాళ్లలో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు పెరిగాయి. 2008లో దాన్ని ఆపేశారు. ఈ వ్యవస్థను ఎక్కువ రెచ్చగొట్టినా ఇబ్బందే, పూర్తిగా మూసేసినా ఇబ్బందే అని రెండు వైపుల నుంచీ తెలిసొచ్చింది.

జబ్బు తెస్తుందా, ఉన్న జబ్బును రేపుతుందా

ఈ ప్రశ్న మీద ఆధారాలు 1987 నుంచి పోగవుతున్నాయి. స్వీడన్‌లో సైన్యంలో చేరే వయసున్న 45,570 మంది యువకుల వివరాలను 15 ఏళ్లపాటు గమనించారు. 18 ఏళ్లకే 50 సార్లకు మించి గంజాయి తాగామన్నవాళ్లలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. కుటుంబ పరిస్థితులు, అప్పటికే ఉన్న మానసిక ఇబ్బందులు లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా బాగా తగ్గింది. తగ్గింది కానీ పోలేదు.

2019లో వచ్చిన మరో అధ్యయనం ఇంకొంచెం స్పష్టత ఇచ్చింది. ఐరోపా, బ్రెజిల్‌లలో 11 చోట్ల, మొదటిసారి సైకోసిస్ వచ్చిన 901 మందిని, అది లేని 1,237 మందితో పోల్చారు. రోజూ గంజాయి వాడేవాళ్లలో సైకోసిస్ అవకాశం, ఎన్నడూ వాడనివాళ్ల కన్నా మూడు రెట్లు. టీహెచ్‌సీ 10 శాతం, అంతకు మించి ఉన్న ఘాటు రకాన్ని రోజూ వాడేవాళ్లలో దాదాపు ఐదు రెట్లు. ఎంత తరచుగా, ఎంత ఘాటుగా అన్న రెండింటితోనూ ప్రమాదం పెరుగుతోంది.

ఘాటు విషయం మామూలుగా అనుకునే దానికన్నా పెద్దది. అమెరికాలో పోలీసులు పట్టుకున్న గంజాయిలో 1995లో టీహెచ్‌సీ సగటున 4 శాతం ఉండేది. 2014 నాటికి అది 12 శాతమైంది. కార్డు చూపించి కొనే దుకాణాల్లో ఇప్పుడు 20 శాతం పైబడ్డ పూలు, 60 నుంచి 90 శాతం దాకా ఉండే గట్టిపరచిన నూనెలు, మైనాలు దొరుకుతున్నాయి. తాతల కాలంలో సాధువులు చిలుం పీల్చినా ఏమీ కాలేదు కదా అనే పోలిక ఇక్కడ పనిచేయదు. పేరు అదే కానీ వస్తువు వేరు.

అలాగని గంజాయి తాగినవాళ్లందరికీ మతి చెడుతుందన్న భయమూ సరికాదు. జీవితకాలంలో స్కిజోఫ్రీనియా వచ్చేది నూటికి ఒకరి లోపే. గంజాయి వాడినవాళ్లలోనూ అత్యధికులకు అది రాదు. వంశంలో ఆ జబ్బు ఉండడం, పదిహేనూ పదహారేళ్లకే మొదలుపెట్టడం, రోజూ వాడడం, ఘాటు రకాలు వాడడం, ఇవన్నీ ఒకచోట కూడినవాళ్లకు ముప్పు ఎక్కువ. జబ్బు మొగ్గ తొడుగుతున్న దశలో ఆ అశాంతి తట్టుకోలేక గంజాయి వైపు వెళ్లేవాళ్లూ ఉంటారు. జన్యువుల్లోనూ రెండింటికీ కొంత ఉమ్మడి మూలం ఉందని తేలింది. ఏది ముందు, ఏది వెనుక అన్న వాదన పరిశోధకుల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ వాదన మన దేశంలోనూ ఎప్పుడో నడిచింది. గంజాయి వల్ల హిందూదేశపు పిచ్చాసుపత్రులు నిండిపోతున్నాయని బ్రిటిష్ పార్లమెంటులో గొడవ లేస్తే, 1893లో ఒక కమిషన్ వేశారు. అది 1,193 మంది సాక్షులను విచారించింది. ఆసుపత్రి రిజిస్టర్లు తిరగేస్తే, రోగం ‘కారణం’ అన్న గడి చాలాసార్లు రోగిని పట్టుకొచ్చిన పోలీసులు చెప్పిన దాంతోనే నిండిందని, విచారణంటూ ఏదీ జరగలేదని బయటపడింది. మితంగా వాడేవాళ్ల మనసుకు చెప్పుకోదగ్గ హాని కనిపించలేదని, అతిగా వాడితే మతి చెడవచ్చని, వంశపారంపర్యంగా బలహీనత ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువని కమిషన్ తేల్చింది. నూట ముప్పై ఏళ్ల తర్వాత లక్షల మంది వివరాలతో చేసిన అధ్యయనాలు కూడా ఇంచుమించు అక్కడికే వచ్చాయి.

జబ్బు ఎలా వస్తుందన్న దానిలో వాదన ఉన్నా, జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్ల విషయంలో అంత తేడా లేదు. 24 అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో, సైకోసిస్ వచ్చాక కూడా గంజాయి కొనసాగించినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సిరావడం ఎక్కువగా కనిపించాయి. మానేసినవాళ్లు ఎప్పుడూ వాడనివాళ్లతో సమానంగా నిలబడ్డారు. ఇళ్లలో అందరికన్నా ముందు తెలియాల్సింది ఈ రెండో సంగతి. ఎన్నాళ్లు వాడినా, మానేస్తే ఫలితం ఉంది.

‘నాకు నయంగానే ఉంది కదా’

ఇన్ని ఆధారాలున్నా, జబ్బు ఉన్న మనిషి ‘ఇది తాగితేనే నాకు మనసు కుదుటపడుతోంది’ అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. ఈ ముక్క అర్థం చేసుకోకుండా చేసే ఉపదేశమంతా వృథా.

స్కిజోఫ్రీనియా అంటే చెవిలో మాటలు వినబడడం ఒక్కటే కాదు. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నలుగురిలోకి వెళ్లబుద్ధి కాకపోవడం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, పగలంతా ఊరికే గడిచిపోవడం కూడా అందులో భాగమే. వాడే మందులు మాటలను తగ్గిస్తాయి కానీ ఈ స్తబ్ధతను పెద్దగా కదపలేవు. పైగా వాటితో కొందరికి ఒళ్లు బిగుసుకుపోతుంది, కొందరికి కాళ్లు ఒకచోట నిలవవు, బరువు పెరుగుతుంది. అలాంటి మనిషికి అరగంటలో ఒంటి బిగువు సడలించి, పాటను మళ్లీ పాటలా వినిపించి, స్నేహితుల మధ్య కూర్చోబెట్టే వస్తువు దొరికితే దాన్ని మందు అనుకోవడంలో వింతేముంది?

ఉపశమనం అరగంటలో తెలుస్తుంది. నష్టం నెలల తర్వాత గానీ బయటపడదు. మార్చిలో తాగినదానికీ ఆగస్టులో ఆసుపత్రిలో చేరడానికీ మధ్య లంకె మామూలు కంటికి ఆనదు. ‘వాడాను, బాగుంది’ అన్నది వందసార్లు అనుభవంలోకి వస్తుంది. ‘వాడాను, జబ్బు తిరగబెట్టింది’ అన్నది ఏడాదికి ఒకసారే, అదీ నిద్ర లేకపోవడం, ఉద్యోగపు టెన్షన్, ఇంట్లో గొడవ లాంటి మరో పది కారణాలతో కలిసి వస్తుంది. మనిషి మనసు వందసార్ల అనుభవాన్నే నమ్ముతుంది.

రెండో ఉచ్చు మానేసేటప్పుడు ఎదురవుతుంది. రోజూ వాడేవాళ్లు ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, ఆందోళన, నిద్రలేమి, భయంకరమైన కలలు, ఆకలి లేకపోవడం మొదలవుతాయి. మొదటి వారంలో ఉధృతంగా ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. నిద్ర సర్దుకోవడానికి ఇంకొంత కాలం పట్టవచ్చు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథంలో దీన్ని ప్రత్యేకంగా చేర్చింది. చూస్తే ఇవన్నీ అసలు జబ్బు లక్షణాల్లాగే ఉంటాయి. నాలుగు రోజులు ఆపి చూసిన మనిషి ‘చూశారా, లేకపోతే నా జబ్బు పెరిగిపోతోంది’ అంటాడు. మళ్లీ తాగగానే హాయిగా ఉంటుంది. అది జబ్బు నయమవడం కాదు, మానేసినందుకు వచ్చిన బాధ తీరడం. బయటి నుంచే కాదు, లోపలి నుంచి చూసినా ఈ తేడా పసిగట్టడం చాలా కష్టం.

మూడోది మాత్రలు మానేయడం. ఒకటి హాయినిస్తుంది, రెండోది ఒళ్లు బరువెక్కిస్తుంది. రెండింటిలో ఏది ముందు తప్పుకుంటుందో చెప్పనక్కర్లేదు. గంజాయి వాడేవాళ్లలో జబ్బు తిరగబెట్టడానికి, వాళ్లు మందులు సరిగా వేసుకోకపోవడం కూడా ఒక పెద్ద కారణమని అధ్యయనాలు చెబుతున్నాయి.

బైపోలార్, డిప్రెషన్, పీటీఎస్‌డీ

బైపోలార్‌లో ప్రమాదం ఉన్మాద దశ వైపు ఉంది. నిద్ర లేకుండా తిరగడం, అప్పులు చేసి ఖర్చు పెట్టడం, తనకు అసాధ్యమేమీ లేదనిపించడం ఆ దశ లక్షణాలు. 2015లో వచ్చిన ఒక సమీక్షలో, గంజాయి వాడకంతో ఉన్మాద లక్షణాలు కొత్తగా తలెత్తే అవకాశం సుమారు మూడు రెట్లు కనిపించింది. డిప్రెషన్ విషయంలో చిత్రం అంత తేటగా లేదు. మేలు చేస్తుందనడానికి మాత్రం సరైన ప్రయోగ ఫలితాలు లేవు.

పీటీఎస్‌డీ కథ ఎక్కువ బాధాకరం, ఎందుకంటే ఆశలు అక్కడే ఎక్కువ పెట్టుకున్నారు. మాజీ సైనికులు ఏళ్ల తరబడి పోరాడాక, 80 మందితో గంజాయి పొగ మీద సక్రమమైన ప్రయోగం జరిగింది. 2021లో ఫలితాలు వచ్చాయి. అన్ని బృందాల్లోనూ లక్షణాలు తగ్గాయి, టీహెచ్‌సీ, సీబీడీ లేని ఉత్తుత్తి గంజాయి ఇచ్చిన బృందంలో కూడా. అసలు గంజాయికీ ఉత్తుత్తిదానికీ తేడా తేలలేదు. ఆ ప్రయోగం చిన్నది, మూడు వారాలదే కాబట్టి దానితోనే తలుపులు మూసేయలేం. కానీ రాష్ట్రాల జాబితాల్లో పీటీఎస్‌డీ పేరు చేరి అప్పటికే పన్నెండేళ్లయింది.

మరి సీబీడీ?

ఆశ ఇంకా మిగిలింది ఇక్కడ. 2012లో జర్మనీలో 42 మంది స్కిజోఫ్రీనియా రోగుల మీద సీబీడీని అమిసల్‌ప్రైడ్ అనే మందుతో పోల్చితే రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. 2018లో 88 మందికి, వాడుతున్న మందులకు తోడుగా రోజుకు 1,000 మిల్లీగ్రాముల సీబీడీ ఇస్తే భ్రమలు, భ్రాంతులు కొంత తగ్గాయి. అదే ఏడాది 600 మిల్లీగ్రాములతో చేసిన మరో చిన్న ప్రయోగంలో ప్రయోజనం కనిపించలేదు. ఇంకా తేలాల్సింది ఉంది.

ఈ వార్తల ఆధారంగా దుకాణంలో సీబీడీ గమ్మీలు కొనేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. ఒక్కో గమ్మీలో సాధారణంగా ఉండేది 10 నుంచి 25 మిల్లీగ్రాములు. ప్రయోగంలో ఇచ్చినంత కావాలంటే రోజుకు కనీసం 40 తినాలి. పైగా అలాంటి సరుకులో కొన్నిసార్లు లేబుల్ మీద చెప్పని టీహెచ్‌సీ కూడా బయటపడింది.

మన దగ్గర సంగతి

భారతదేశంలో గంజాయి కార్డు అనేదే లేదు. మత్తు పదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవని ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. వారణాసిలో ప్రభుత్వ అనుమతితో భంగు దుకాణాలు నడుస్తున్నది అందుకే. ఆయుర్వేదంలో ‘విజయ’ పేరుతో ఆకు ఆధారంగా చేసిన మందులూ ఈ సందులోంచే వస్తున్నాయి. వీటిని ఆన్‌లైన్‌లో ఒత్తిడికి, నిద్రకు అని అమ్ముతున్నారు. ఆకులోనూ టీహెచ్‌సీ ఉంటుంది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉన్నవాళ్లు ఆయుర్వేదమే కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఔషధ నియమాలు కూడా భంగును, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాల్సిన విషద్రవ్యాల జాబితాలో ఉంచాయి.

ఢిల్లీ ఎయిమ్స్ 2019లో వెలువరించిన జాతీయ సర్వే లెక్క ప్రకారం దేశంలో ఏడాదిలో ఏదో ఒక రూపంలో గంజాయి మొక్కను వాడినవాళ్లు 3.1 కోట్లు. అందులో 2.2 కోట్ల మందిది భంగు, 1.3 కోట్ల మందిది గంజాయి, చరస్. కొందరు రెండూ వాడతారు. సుమారు 72 లక్షల మందికి వైద్య సాయం అవసరం. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి దిగే శీలావతి రకం పొట్లం మీద టీహెచ్‌సీ ఎంతో ఎవరూ రాయరు.

ఇళ్లలో జరిగే పొరపాటు ఇంకో రకం. కుర్రాడు తనలో తాను మాట్లాడుకుంటున్నాడు, అన్నంలో విషం కలిపారంటున్నాడు, జేబులో గంజాయి దొరికింది. ‘గంజాయి వల్లే ఇలా అయ్యాడు, మాన్పిస్తే బాగవుతాడు’ అని డీఅడిక్షన్ సెంటర్‌లో వేస్తారు. ఎర్రగడ్డ పేరెత్తడం కన్నా ఇది పరువుకు కాస్త తేలిగ్గా ఉంటుంది. ఫిన్లాండ్‌లో గంజాయి వల్ల వచ్చిన సైకోసిస్ అని నిర్ధారించిన రోగులను ఎనిమిదేళ్లు గమనిస్తే, 46 శాతం మందికి ఆ తర్వాత స్కిజోఫ్రీనియా తరహా జబ్బే ఉన్నట్టు తేలింది. గంజాయి దొరికిందన్న కారణంతో సైకియాట్రిస్టుకు చూపించడం ఆలస్యం చేస్తే, చికిత్సకు బాగా లొంగే తొలి నెలలు చేజారిపోతాయి.

అమెరికాలో వీసా మీద ఉన్న తెలుగువాళ్లకు కార్డు ఇంకో చిక్కు తెస్తుంది. రాష్ట్రం ఒప్పుకున్నా వలస చట్టం ఫెడరల్ ప్రభుత్వానిది. రాష్ట్ర చట్టానికి లోబడి వాడినా పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కావచ్చని అక్కడి పౌరసత్వ విభాగం 2019లో మార్గదర్శకాలిచ్చింది. కార్డుతో కొన్న సీసా ఇండియాకు వచ్చే సూట్‌కేసులో ఉంటే, విమానం దిగాక అది ఎన్‌డీపీఎస్ కేసు.

డాక్టరుకు ఏం చెప్పాలి

వాడుతున్న మందులతో కలిసినప్పుడు ఇదంతా మరింత సూక్ష్మంగా మారుతుంది. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపీన్, ఒలాంజపీన్ అనే రెండు ముఖ్యమైన మందులను కాలేయంలో ఒక ఎంజైమ్ కరిగిస్తుంది. పొగలోని తారు ఆ ఎంజైమ్‌ను ఉసిగొల్పుతుంది. బీడీ పొగ అయినా గంజాయి పొగ అయినా అంతే. దాంతో మందు త్వరగా కరిగి, రక్తంలో మోతాదు పడిపోతుంది. మందు పని చేయడం లేదనుకుని డాక్టరు డోసు పెంచుతారు. సీబీడీ దీనికి ఎదురు దారిలో నడుస్తుంది. కొన్ని ఎంజైమ్‌లను అణిచి, మూర్ఛకు వాడే క్లోబజామ్ లాంటి మందుల ప్రభావాన్ని పెంచుతుంది. బైపోలార్‌కు ఎక్కువగా ఇచ్చే వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయ పరీక్షల్లో తేడాలొస్తాయి. చాక్‌లెట్, గమ్మీ రూపంలో తింటే మత్తు ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదనుకుని రెండోది వేసుకుని అత్యవసర విభాగానికి చేరేవాళ్లు అందుకే ఉంటారు.

కాబట్టి సైకియాట్రిస్టు దగ్గర దాచడం అన్నిటికన్నా ప్రమాదం. ఏది, ఏ రూపంలో, వారానికి ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు అన్నవి చెప్పాలి. మానేస్తున్నప్పుడు కూడా చెప్పాలి. పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే ఎంజైమ్ నెమ్మదించి, అదే డోసు క్లోజపీన్ రక్తంలో బాగా పెరిగి, విపరీతమైన మగత, మూర్ఛ దాకా వెళ్లవచ్చు. అప్పుడు డోసు తగ్గించాలి, అదీ డాక్టరే తగ్గించాలి. భారతదేశంలో ఎన్‌డీపీఎస్ 64ఎ సెక్షన్ ప్రకారం, కొద్ది మొత్తంతోనో వాడకంతోనో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తానుగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే విచారణ నుంచి రక్షణ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. మత్తు వదిలించుకోవడానికి 14446 ఉంది.

డాక్టరు అడిగినా అడగకపోయినా చెప్పాల్సింది మరొకటి ఉంది. ఎందుకు వాడుతున్నారు? నిద్ర కోసమైతే నిద్రకు వేరే చికిత్స ఉంది. కాళ్లు నిలవనందుకైతే మందు మార్చవచ్చు, డోసు తగ్గించవచ్చు. మాటలు ఇంకా వినబడుతున్నందుకైతే ప్రస్తుత మందు చాలడం లేదన్నమాట. నొప్పికైతే ఆ నొప్పికే చూడాలి. ఒంటరితనం కోసమైతే దానికి మాత్ర లేదు కానీ, రోజుకు నాలుగు గంటలు చేయడానికి ఏదో ఒక పని, వెళ్లడానికి ఒక చోటు, ఎదురుచూసే ఒక మనిషి ఉన్న రోగులు ఎక్కువ కాలం నిలదొక్కుకుంటారని పునరావాస కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు.